గంజి పెట్టిన సైకిల్ నిక్కరు

నాకు ఓర్వలేనితనం ఉంది. లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. యాభైకి దగ్గరపడిన టీచరమ్మని, పిల్లలకి రోజూ బుద్ధులు చెప్పేదాన్ని, ఒక నల్ల నిక్కరుని చూసి కుళ్లిపోయాను.

నేనూ నా స్నేహితురాలూ శ్రీకాకుళంలో ఒకే హైస్కూల్లో పనిచేస్తాం. ఇద్దరికీ షుగరని తేలాక పొద్దున్నే సైకిలు తొక్కడం మొదలుపెట్టాం. ఆదివారం దానికి చర్చి ఉంటుంది కాబట్టి, రెండో శనివారాలు శ్రీకూర్మం గుడి దాకా వెళ్లేవాళ్లం. నేను లోపలికెళ్లి దండం పెట్టుకుని వచ్చేదాకా అది రెండు సైకిళ్లకీ కాపలా. ఆ తర్వాత ఇడ్లీ. తిరుగుదారి పొడుగునా మొగుళ్ల మీద, హెడ్మాస్టరు మీద, ఒంట్లో నలతల మీద కబుర్లు. ఆ ఒక్క పూట కోసం నెలంతా ఎదురుచూసేదాన్ని.

అంతలో మా వీధిలోకి ఒక లెక్చరరమ్మ అద్దెకి దిగింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఉద్యోగం, గేర్ల సైకిలు, పొడుగు టాపు కింద తొడలకి అతుక్కుపోయిన నల్ల నిక్కరు. కూర్చునే చోట లోపల మెత్త కుట్టి ఉంటుందట. "అక్కా, నేనూ వస్తాను మీతో" అంది. రావద్దని ఎలా అంటాను? వారం తిరక్కుండానే నా స్నేహితురాలు కూడా అలాంటి నిక్కరే వేసుకుని ప్రత్యక్షమైంది. ఆమే ఆన్‌లైన్లో తెప్పించి పెట్టిందట.

"నీకూ ఒకటి తెప్పించమని సెప్పనా ఏటే?" అని అడిగింది.

"నాకెందుకే తల్లీ ఆ వేషాలు" అన్నాను. అన్నానే గానీ, వాళ్లిద్దరూ ముందు పక్కపక్కన తొక్కుతూ ఏదో చెప్పుకుని పకపకా నవ్వుకుంటుంటే, వెనక నేను చుడీదారు అంచు గొలుసులో పడకుండా లాక్కుంటూ వెళ్లేదాన్ని.

చివరికి ఎవరికీ చెప్పకుండా నేనూ ఒకటి తెప్పించుకున్నాను. తీరా వేసుకుని అద్దంలో చూసుకుంటే, ఆమె నిక్కరులా నున్నగా లేదు, అక్కడక్కడా ముడతలు. కాటన్ చీరకి గంజి పెట్టందే బడి గడప తొక్కని మనిషిని. నాకు తెలిసిన మందు అదొక్కటే. అన్నం వార్చిన గంజిలో ముంచి, పిండి, డాబా మీద ఎండలో ఆరేశాను. పైబట్టకి గంజి పట్టనే లేదు. లోపలి మెత్త మాత్రం పీల్చుకున్నంత పీల్చుకుని అట్టలా బిగిసింది. తొక్కుతుంటే అదే మెత్తబడుతుందిలే అనుకున్నాను.

మెత్తబడింది. చెమటకి నాని జిగురైంది. మూడో రోజుకి దురద, నాలుగో రోజుకి ఎర్రటి పొక్కులు. నిక్కరు అంచున రబ్బరు పట్టీ ఉన్నంత మేరా రెండు తొడల చుట్టూ దద్దుర్లు. తొమ్మిదో తరగతిలో నిలబడి పాఠం చెప్పలేను, కుర్చీలో కూర్చోలేను. పౌడరు చల్లుకున్నాను, కొబ్బరినూనె రాసుకున్నాను. సైకిలు మాత్రం మానలేదు. నేను మానేస్తే వాళ్లిద్దరే వెళ్తారు. రెండో శనివారం దగ్గరకొచ్చేసింది మరి.

శుక్రవారానికి నడవడం కూడా కష్టమైపోతే, సాయంత్రం ఒక్కదాన్నే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. పాపం, చిన్న వయసు అమ్మాయి.

"ఆ సైకిల్ నిక్కరు లోపల ఇంకేమైనా వేసుకున్నారా అండీ?"

"వేసుకోకపోతే ఎలాగమ్మా!"

"ఇది వేసుకుంటే లోపల ఏమీ వేసుకోకూడదండీ. సరే, ఉతికి దేనిలోనైనా ముంచారా?"

గంజి సంగతి చెప్పాను. ఆ అమ్మాయి చీటీ రాస్తున్న చేయి ఆపి నోటికి అడ్డం పెట్టుకుంది. రాపిడికి తోడు ఆ రబ్బరు కూడా నా ఒంటికి పడలేదంది. మాత్రలు, ఆయింట్‌మెంటు రాసిచ్చి, పది రోజులు సైకిలు ముట్టుకోవద్దంది.

నా స్నేహితురాలికి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పాను. "అయ్యో, అలగైతే రేపు మానేద్దుమేటే?" అంటుందని ఆశ. "పడుకో, మేము బేగి వెళ్లి వచ్చేస్తాం" అంది. ఆ 'మేము' వినగానే ఏడుపొచ్చింది.

మర్నాడు పన్నెండు గంటలకి ప్రసాదం పట్టుకుని వచ్చింది. లెక్చరరు మేడమ్ గుడి లోపలికెళ్లి తెచ్చిందట, తను సైకిళ్ల దగ్గర ఉందట. అంటే నా చోటు ఖాళీగా కూడా లేదన్నమాట. మంచం పక్కనున్న ఆయింట్‌మెంటు దాని కంట పడింది.

"జొరానికి ఇది రాసుకుంటారేటే?"

ఇక దాచలేక అంతా చెప్పేశాను. గంజి దగ్గరికొచ్చేసరికి అది మంచం మీద కూలబడి కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అచ్చం పాత రోజుల్లాగే ఉందనిపించింది. అప్పుడంది:

"నాకూ అయిందే. మొదటి వారంలోనే, ఇంతింత పొక్కులు. మేడమ్ సూసి ఏదో కిరీము ఇచ్చింది."

నా నవ్వు ఆగిపోయింది. నా మొదటి కాన్పులో కుట్లు చీము పడితే ఇరవై రోజులు కడిగింది ఇదే. దాని రొమ్ములో గడ్డ తగిలితే, మొగుడికన్నా ముందు నా చేయి పట్టుకెళ్లి తడిమించుకుంది. అలాంటిది, దానికి పొక్కులొస్తే నిన్నగాక మొన్నొచ్చిన ఆమె చూసిందా?

"నాకెందుకు చెప్పలేదే?"

"ఏటి సెప్పమంటావు? ఆ నిక్కరు ఏసుకున్న కాడినుంచీ నువ్వు నా మొహమే సూడట్లేదు."

గేర్ల సైకిలు పోనీ, శ్రీకూర్మం పోనీ, ప్రసాదం కూడా పోనీ, నాకు చూపించాల్సింది ఆమెకి చూపించడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

"ఏదీ, చూపించు" అన్నాను మొండిగా.

"ఇంకేటి సూస్తావే పిచ్చిదానా? ఎప్పుడో తగ్గిపోయింది."