ఆమేన్ నా వంతు

మా ఇంట్లో పొద్దుటి ప్రార్థనకు మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. బైబిల్ వాక్యం నేను చదవాలి. ప్రార్థన మా ఆవిడ చెయ్యాలి. ఆమేన్ నేను చెప్పాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి నేనే ప్రార్థన మొదలుపెడితే ఆవిడ నవ్వాపుకోలేక కళ్ళు తెరిచేసింది.

"దేవుడికి కూడా అర్జీయేనా అండీ? విన్నవించుకొనునది ఏమనగా అంటున్నారు."

తాలూకా ఆఫీసులో గుమస్తాని. ఆ భాషే అబ్బింది. గుడిలో సంఘ పెద్దగా నిలబడినప్పుడు అది చెల్లేది. ఇంట్లో మాత్రం ప్రార్థన ఆవిడదే. పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు చేసేది. "అయ్యా, ఈయన మోకాలి సంగతి నిన్ననే చెప్పాను, మర్చిపోకు" అనేది.

ఆవిడ పోయాక కూడా నేను అలవాటు మానలేదు. లేవగానే ఎదురుగా ఆవిడ కుర్చీ వేస్తాను. వాక్యం పైకి చదువుతాను. ఆవిడ ప్రార్థించేటంతసేపు కళ్ళు మూసుకుని ఊరుకుంటాను. తర్వాత ఆమేన్ అంటాను. డైరీలో 'ప్రార్థన అయింది' అని రాస్తాను. ఏం అయిందో దేవుడికే తెలియాలి.

ఈ మధ్య, తణుకు రోడ్లమీద చెరకు ట్రాక్టర్లు తిరుగుతున్న రోజుల్లో, పక్కింటి అమ్మాయి సాయంత్రం గోడ దగ్గరికి వచ్చింది. వాళ్ళు హిందువులు. అయినా ఏ కష్టం వచ్చినా మా ఆవిడకు చెప్పుకునేది.

"బాబాయిగారూ, మొగల్తూర్లో మా అమ్మకి ఊపిరాడట్లేదండి. భీమవరం ఆసుపత్రిలో పెట్టారంట. రేప్పొద్దున్నే బస్సుకి వెళ్తున్నాను. ప్రార్థనలో పెట్టండి."

"పెడతానమ్మా."

"పైకి చెయ్యండి. పిన్నిగారు చేస్తుంటే మా వంటింట్లోకి వినపడేది. మా అత్తగారి గురించి చెప్తుంటే కాఫీ కలుపుతూ నవ్వుకునేదాన్ని."

"ఆవిడలా నాకు రాదమ్మా."

"మీకెలా వస్తే అలాగే చెయ్యండి. ఆయనేం మార్కులెయ్యడు కదండీ."

మర్నాడు వాళ్ళ వంటింట్లో దీపం వెలిగింది. నేను వాక్యం చదివి కళ్ళు మూసుకున్నాను. "మహోన్నతుడవగు తండ్రీ, తమ సన్నిధికి" అని మొదలుపెట్టి ఆగిపోయాను. గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, పక్కింటమ్మాయి వాళ్ళమ్మకి ఊపిరాడట్లేదు. ఈ పిల్ల ఒక్కత్తే వెళ్తోంది. బస్సులో కూర్చోడానికి చోటు దొరికేలా చూడు."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. యేసు నామంలో అడుగుతున్నామని ముగించి, ఊరుకున్నాను.

మా ఇంట్లో ఆమేన్ చెప్పేది ప్రార్థన చేసినవారు కాదు, విన్నవారు. ఇన్నేళ్ళలో ఆ వంతు ఆవిడకు రాలేదు. గుడిలో ఆడవాళ్ళు ఒక వైపు, మేము ఒక వైపు. అందరూ కలిసి ఆమేన్ అంటే అందులో ఆవిడ గొంతు ఏదో నాకు తెలిసేది కాదు. నా ప్రార్థనకు ఆవిడ ఆమేన్ ఎలా ఉండేదో. కళ్ళు తెరవకుండా చాలాసేపు కూర్చున్నాను.

గేటు చప్పుడైంది. సంచి భుజాన వేసుకుని ఆ అమ్మాయి నిలబడి ఉంది.

"వెళ్ళొస్తానండి. అంతా విన్నాను. చివర్లో ఆగిపోయారేంటి బాబాయిగారూ?"

"ఇంకొక్క మాట ఉందమ్మా. నువ్వెళ్ళు, బస్సు వెళ్ళిపోతుంది."

ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఖాళీగా ఉన్న నా కుర్చీ వైపు చూస్తూ, ఆమేన్ అన్నాను.