పరీక్ష గేటు ఎదురుగా తాత

పదకొండో రోజు ఉదయం జనగామలో మా ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లు: బాపు (మా నాన్న), మహబూబాబాద్ నుంచి వచ్చిన మేనత్త, భూపాలపల్లి నుంచి చిన్నాన్న, ఆయన కూతురు (అంటే నాకు చెల్లె), నేను. ఉన్న వస్తువులు: తాత ఇనుప పెట్టె, అందులో రెండు పతకాలు, పెన్షన్ కాగితాలు, సూదీదారాల సంచి, గడ్డం గీసుకునే మగ్గు, అట్ట ఊడిన నోటుబుక్కు. పతకాలు చేతులు మారాయి. నేను నోటుబుక్కు తీసుకున్నాను.

తాత పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా తిరిగొచ్చాడు. తరువాత పాలకుర్తి దగ్గర పత్తి పండించాడు. మోకాళ్లు మొరాయించాక మా ఇంటికి చేరాడు. ఎనభై ఆరేళ్లు బతికాడు. ముగ్గురు పిల్లల్లో ఎవరు పుట్టినప్పుడూ ఇంట్లో లేడు. మూడు కబుర్లూ ఉత్తరాల్లోనే అందాయి.

మనవలం ఐదుగురం. ఎవరికి పరీక్ష ఉన్నా, ఏ ఊళ్లో ఉన్నా, తాత ముందురోజే బస్సెక్కి పోయి సెంటర్ ఎక్కడుందో, గేట్లు ఎన్నో చూసి వచ్చేవాడు. పరీక్ష రోజు మమ్మల్ని గంట ముందు లోపలికి పంపి గేటు ఎదురుగా కూర్చునేవాడు. మేం బయటికి వచ్చేదాకా లేచేవాడు కాదు. ఎలా రాశావని అడిగేవాడు కాదు. నోటుబుక్కులో ఒక వరుస రాసుకునేవాడు: తేదీ, ఊరు, లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము.

నా ఇంటర్ పరీక్షలప్పుడు గేటు దగ్గరి కానిస్టేబుల్ నవ్వాడు.

"ఏం తాతా, నువ్వు గూడ రాస్తవా?"

"రాసేటోడు లోపలున్నడు. నాది గేటు డ్యూటీ."

"మరి నాదేంది?"

"నీది జీతం డ్యూటీ."

అత్తకు మాత్రం ఈ డ్యూటీ చూస్తే ఒళ్లు మండేది. ఒకసారి మహబూబాబాద్‌లో, తాత టిఫిన్ తింటుండగా అడిగేసింది.

"నా పదో తరగతి పరీక్షలప్పుడు ఏ గేటు కాడ కూసున్నవ్ నాయినా?"

"లడాఖ్‌ల ఉన్న బిడ్డా. ఆడ గేటు గూడ లేకుండె, మంచే."

అత్త నవ్వలేదు. ఇంకో ఇడ్లీ వేసింది.

ఈ ఏడు చెల్లెకు సర్కారు కొలువు పరీక్ష పడింది. మూడేళ్లు దానికే చదివింది. పోయినసారి రెండు మార్కుల తేడాతో తప్పింది. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆదివారం భూపాలపల్లిలో పరీక్ష అనగా గురువారం తాత స్నానాలగదిలో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. చెల్లె శుక్రవారం జనగామ దవాఖానకు వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నేను పోను తాతా. నువ్వు లేకుండ ఎన్నడు రాయలే."

"నేను గేటు బయటనే గదా ఉండేది. లోపల రాసింది నువ్వే."

"అయినా పోను."

తాత నావైపు చూశాడు.

"ఈసారి డ్యూటీ వీనిది. రేపే తీస్కపో. సెంటర్ చూసి ఫోన్ చెయ్యి."

శనివారం ఇద్దరం భూపాలపల్లి చేరాం. సెంటర్ చూసి ఫోన్ చేశాను. రెండు గేట్లు, ఒకదానికి తాళం ఉంది. మరుసటి రోజు పది గంటలకు పరీక్ష, పావుగంట ముందే గేటు మూస్తారు. చెల్లె తొమ్మిదింటికే గేటు దగ్గర నిలబడింది, లోపలికి పోదు. వెనక్కి తిరిగి నన్ను చూస్తూ ఉంది. తాతకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను. ఆయన ఏమన్నాడో నాకు వినిపించలేదు. ఆమె ఫోన్ నాకిచ్చి లోపలికి వెళ్లింది. అప్పుడు టైము తొమ్మిది ఇరవై రెండు.

"నువ్వెక్కడున్నవ్?" అన్నాడు తాత.

"టీ కొట్టు కాడ."

"గేటు కనవడ్తదా?"

"కనవడ్తది."

"గట్లయితే జరగకు."

పన్నెండున్నరకు పరీక్ష అయిపోయింది. ఆమె పన్నెండు నలభైకి బయటికి వచ్చింది. ఎలా రాశావని నేనూ అడగలేదు. సోమవారం దవాఖానలో తాత నాతోనే నోటుబుక్కు తెప్పించుకుని నాకే ఇచ్చాడు.

"డ్యూటీ చేసినోడే రాయాలె."

రాశాను. అద్దాలు పెట్టుకుని చదివి, తల ఊపాడు. పంతొమ్మిది రోజుల తరువాత చనిపోయాడు.

పదకొండో రోజుకు ఫలితాలు ఇంకా రాలేదు. అత్త నా చేతిలోని నోటుబుక్కు వైపు చూసి, "ఎన్నున్నయో లెక్కవెట్టు" అంది. రెండుసార్లు లెక్కపెట్టాను. మొత్తం నూట పద్దెనిమిది వరుసలు. నూట పదిహేడు తాత రాసినవి, ఒకటి నేను రాసింది.