అక్క గోడ మీద జపాన్ బొమ్మలు

అతన్ని అందరూ సుత్తి అంటారు. ఫ్రేములు కట్టేవాడి చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని అతని నమ్మకం. నోరు తెరిస్తే మూయడు కాబట్టి వచ్చిందని జనం లెక్క. ఆ మాట ఎదురుగా అనే దమ్ము మాత్రం ఎవరికీ లేదు. సుత్తికి నోరెంత వాడియో చెయ్యి అంతకంటే వాడి. ఒకసారి ఫ్రేము వంకరగా ఉందన్న లెక్చరర్ ముక్కు మీద ఒక్కటిచ్చాడు. ఆయన ముక్కు పట్టుకుని, రక్తం కారుతుంటే కూడా "వంకరే బాబూ, కొలిచి చూడు" అన్నాడు. కొలిస్తే నిజంగానే వంకర. సుత్తి ఆయన్ని కూర్చోబెట్టి, ముక్కు తుడిచి, ఇంకో ఫ్రేము ఊరికే కట్టిచ్చాడు. అదీ మనిషి.

అతను భయపడేది అక్కకొక్కదానికే. అమ్మ పోయాక అన్నం పెట్టిందీ, వీపు చిట్లగొట్టిందీ, ఈ పనిలో కుదిర్చిందీ ఆమే.

పెళ్లైన కొన్నాళ్లకు అక్కకు జపాన్ బొమ్మల పిచ్చి పట్టింది. చెక్క మీద చెక్కి, రంగులద్ది, కాగితం మీద ఒత్తే పాతకాలం బొమ్మలు. సుత్తి కొట్లో వాటి నకళ్లు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. గోళ్లు సాచిన అల, కత్తి నోట కరిచిన యోధుడు, వానలో పళ్లికిలించిన పులి.

"ఏ బొమ్మ కావాలక్కా?"

"ఏదో ఒకటి ఇవ్వరా. ఇంత వెడల్పుండాలి." రెండు చేతులూ చాచి చూపించేది. "తొందరగా కట్టు. రేపు అత్తయ్యగారొస్తున్నారు."

"బొమ్మ చూడకుండా సైజడిగే కస్టమర్‌వి నువ్వొక్కదానివే. గోడకు చొక్కా కుట్టిస్తున్నావా ఏంటి?"

"నోర్మూసుకుని కట్టు."

"నేనొచ్చి తగిలించనా?"

"వద్దు. నాకు చేతుల్లేవా?"

ఒకసారి సన్నగా, నిలువుగా ఉండేది అడిగింది. ఇంకోసారి బాగా చిన్నది అడిగితే పిల్లి బొమ్మ కట్టిచ్చాడు. సుత్తి మురిసిపోయాడు. కొట్టుకొచ్చిన వాళ్లందరికీ అక్క టేస్టు గురించి చెప్పి బుర్ర తినేవాడు.

వానలు మొదలైన వారం కట్టిన పులి బొమ్మకు వెనక పెట్టిన అట్ట సరిగా ఆరలేదని అతనికి తర్వాత గుర్తొచ్చింది. తడి అట్ట ఉంటే బొమ్మకు బూజు పడుతుంది. సెలవు రోజు చూసి, ఆరిన అట్ట, సుత్తి, మేకులు సంచిలో వేసుకుని చెప్పాపెట్టకుండా అక్క ఇంటికెళ్లాడు. బావ సోఫాలో కాళ్లు బార్లా చాపుకుని ఉన్నాడు.

"ఏరా బామ్మర్దీ, భోజనం టైముకి వాసన పట్టేశావ్?"

"నీ మొహం చూస్తే ఉన్న ఆకలి కూడా చచ్చిందిలే బావా. పులికి అట్ట మార్చి పోతా."

వంటింట్లో కుక్కర్ మోగుతోంది. సుత్తి హాలంతా చూశాడు. చూసేకొద్దీ అతని చెయ్యి దురద పెట్టింది. బొమ్మ నడిమి భాగం మనిషి కంటికి ఎదురుగా ఉండాలి, ఈ పనిలో మొదట నేర్పేది అదే. ఇక్కడ పిల్లి మోకాలి దగ్గరుంది. యోధుడు తలుపు చెక్కను రాసుకుంటున్నాడు. అల ఒక మూలకు ఒదిగి ఉంది.

"మా అక్కకు తగిలించడం రాదు బావా. అన్నీ సరిచేసి పోతా."

"ముట్టుకోకు." బావ కాళ్లు దించాడు. "దానికి నచ్చినట్టు పెట్టుకుంది."

అప్పటికే పిల్లి సుత్తి చేతిలోకి వచ్చింది. దాని వెనక గోడ లోపలికి కుంగి ఉంది. బూటు మొనంత గుంట. యోధుణ్ని తీశాడు. నాలుగు వేళ్ల కణుపులు అచ్చు దిగిన గుంట. గోడను గుద్దితే ఎలా పగులుతుందో సుత్తికి ఒకరు చెప్పక్కర్లేదు. పులిని తీశాడు. ఈ గుంట గుండ్రంగా, వెడల్పుగా ఉంది. అంత పెద్ద పిడికిలి ఎవడికీ ఉండదు. పగులులో ఒక పొడుగాటి వెంట్రుక ఇరుక్కుని ఉంది.

సరిగ్గా అక్క తల ఎత్తు.

"పాత గోడరా, పెచ్చులూడుతోంది," అన్నాడు బావ.

సుత్తి పులి బొమ్మతోనే బావ మొహం మీద కొట్టాడు. అద్దం పగిలి బావ కనుబొమ చీలింది. బావ తక్కువవాడేం కాదు, కడుపులో తన్నాడు. ఇద్దరూ టేబుల్ మీద పడ్డారు, టేబుల్ విరిగింది. బావ తన గొంతు పిసుకుతుంటే సుత్తి అతని చెవి కొరికాడు. జుట్టు పట్టి తలను నేలకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. గుండెల మీద మోకాలు పెట్టి, సంచిలోంచి సుత్తి తీసి ఎత్తాడు.

"ఒరేయ్!"

వంటింటి గుమ్మంలో అక్క. పిండి చేతులు. దగ్గరికి రాలేదు, ఏడవలేదు.

"ఇందుకేరా నీకు చెప్పనిది. నువ్వు వీణ్ని చంపుతావు, నిన్ను జైల్లో పడేస్తారు. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా? దించు చెయ్యి."

"నీ తలని గోడకేసి..."

"నాకు తెలీదా? తల నాదేగా. దించు. దించితే ఇప్పుడే నీతో వచ్చేస్తా. వీడి మీద ఇంకో దెబ్బ పడిందంటే మాత్రం ఇక్కడే ఉండిపోతా."

ఆమె అన్నదంటే చేస్తుంది, అది అతనికి తెలుసు. పళ్లు పటపట కొరుక్కుంటూ లేచి, సుత్తిని మూలకు విసిరేశాడు.

మోకాలి బరువు తొలగగానే బావ అద్దం పెంకు అందుకుని అతని ముంజేతి మీద గీశాడు. మాంసం తెరుచుకుంది. సుత్తి పిడికిలి దానంతట అదే బిగుసుకుంది. బావ నోటి నిండా రక్తంతో నవ్వాడు.

"కొట్టరా. కొడితే అది నా దగ్గరే ఉంటుందటగా."

సుత్తి ఆ పిడికిలిని చంకలో ఇరికించుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బావ వెనకనుంచి నడుం మీద తన్నాడు. మళ్లీ తన్నాడు. సుత్తి నుదురు ఆ గుండ్రటి గుంట పక్కనే గోడకు కొట్టుకుంది. అతని నోట అమ్మనాబూతులు వచ్చాయి కానీ చెయ్యి మాత్రం రాలేదు.

"పదరా," అంది అక్క. కాళ్లకు చెప్పులున్నాయి. చేతులకు పిండి అలాగే ఉంది.

బావ అడ్డం రాబోయి తూలి, విరిగిన టేబుల్ మీద కూలబడ్డాడు. మెట్ల మీద కింది వాటా పిన్ని ఎదురైంది. ఆ ఇంట్లో చప్పుళ్లు వినీ విననట్టు ఇన్నాళ్లూ గడిపిన మనిషి. తమ్ముడి రక్తం చూసి బిత్తరపోయింది.

"ఏమైందమ్మా? పడ్డాడా?"

"పడలేదు పిన్నీ," అంది అక్క. గొంతు తగ్గించలేదు. "మా ఆయన నా తలని గోడకేసి కొడుతుంటాడు. ఇవాళ మా తమ్ముడు చూశాడు."

పిన్ని గోడకు ఆనుకుని దారిచ్చింది.