తిరిగి రాని పెన్ను

కుళాయి కనెక్షన్ల ఆఫీసులో మూడో కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తాని అందరూ దారం గుమాస్తా అంటారు. ఆ పేరు ఆయన ఏరికోరి తెచ్చుకున్నదేమీ కాదు. దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చే ప్రతి మనిషీ ముందు "పెన్నుందా అండీ" అని అడుగుతాడు. పని కాగానే ఆ పెన్ను జేబులో దోపుకుని, దండం పెట్టి మరీ వెళ్ళిపోతాడు. విసిగి వేసారి గుమాస్తా పెన్నుకి దారం కట్టాడు. దారంతో సహా పోయింది. గొలుసు కట్టాడు. ఈసారి గొలుసు మిగిలింది.

ఇంకొకరైతే చవక పెన్నులు గంపగుత్తగా కొని పడేసేవారు. దారం గుమాస్తా బుర్ర అలా పనిచేయదు. పెన్నుని తన చేత్తో చేసిన మనిషే ఎదురుగా కూర్చుని ఉంటే, దాన్ని ఎత్తుకుపోవడానికి ఎంతటివాడికైనా సిగ్గేస్తుందని ఆయన లెక్క. ఎవరో అమ్మేస్తున్న, చెక్కని గిర్రున తిప్పే చిన్న లేత్ మిషను కొని వెనక వరండాలో బిగించాడు.

పెన్ను చేయడమంటే పెన్నంతా చేయడం కాదని ఆయనకి మిషను కొన్నాకే తెలిసింది. మన చేత్తో చేసేది పెన్ను ఒళ్ళు మాత్రమే. చెక్కముక్క నడుమ కన్నం వేసి, అందులో ఇత్తడి గొట్టం జిగురుతో దించి, మిషను మీద తిప్పుతూ ఉలితో నునుపు చేస్తారు. ఆ గొట్టం, మొన, క్లిప్పు, తిప్పితే రీఫిల్ బయటికొచ్చే మర, ఇవన్నీ కిట్టు పేరుతో చిన్న సంచిలో అమ్ముతారు. సంచి మంచిదైతే పెన్ను మంచిది, లేదంటే పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పనిముట్ల కొట్టాయన మొదటిరోజే ఒక మసక రంగు కిట్టు తీసి చూపించాడు. అమ్ముడుపోని సరుకు తనకి అంటగడుతున్నాడనుకున్నాడు గుమాస్తా. ధగధగలాడే బంగారు రంగువి ఏరి తెచ్చుకున్నాడు.

మొదటి పెన్ను భార్యకిచ్చాడు. ఆవిడ లెక్కల టీచరు. ఆవిడ నోట "బాగుంది" అనిపించుకున్న పిల్ల ఆ బడిలో ఇంకా పుట్టలేదు. మహా అయితే "పరవాలేదు" అంటుంది, ఆ ఒక్క మాటకే పిల్లలు ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వెళతారు. ఇంట్లో మొగుడికి ఆ పరవాలేదు కూడా ఇంతవరకు దక్కలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ పెన్ను బిగించేటప్పుడు గుమాస్తా మరని గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కాడు. అది ఉండాల్సిన చోటు దాటి లోపలికి దిగిపోయింది. దాంతో మొన ఎటు తిప్పినా లోపలికి పోదు, వెక్కిరించే పిల్లాడి నాలుకలా ఎప్పుడూ బయటే. టీచరుగారి సంచీ, సంచీలోని జవాబు పత్రాలు, మొదటి ర్యాంకు పిల్ల పత్రంతో సహా సిరా అంటి ఎర్రబడ్డాయి.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గొళ్ళెం ఊడిపోయి గాలికి కొట్టుకునే వంటింటి కిటికీకి ఆ పెన్నుని అడ్డంగా దోపింది. అది చక్కగా సరిపోయింది.

"ఇంకోటి చేసిస్తాను, ఈసారి చూడు," అన్నాడు గుమాస్తా.

"వద్దండీ. రెండో కిటికీ గొళ్ళెం బాగానే ఉంది," అంది ఆవిడ.

మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆ పెన్ను కనబడి గుమాస్తాకి ప్రాణం ఉసూరుమనేది. జనం పెన్నులు ఎత్తుకుపోవడం ఆయనకిప్పుడు చిన్న విషయమైపోయింది. తను చేసిన పెన్నుతో ఆవిడ కూర్చుని పేపర్లు దిద్దాలి. ఆ పెన్ను ఆవిడ చేతిలో ఉండగా ఒక్కసారి కళ్ళారా చూడాలి. ఇస్తే తీసుకోదు, కాబట్టి ముందు వంక పెట్టలేని పెన్ను చేయాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ లెక్కల టీచర్ని పెళ్ళాడి ఉండరని, ఆయన రచ్చతోనే మొదలుపెట్టాడు.

కొత్త పెన్నుని దారం లేకుండా, గొలుసు లేకుండా, కిటికీ దగ్గర ఎరలా పెట్టాడు. మధ్యాహ్నానికల్లా మాయం. ఎత్తుకుపోయేంత బాగుందన్నమాట అని గుమాస్తా పండగ చేసుకున్నాడు.

కొన్నాళ్ళకి రంగులు వేసే మేస్త్రీ వచ్చి పెన్ను కిటికీలోంచి లోపలికి నెట్టాడు. "ఇది మీదే కదా సార్. పూత ఊడి చొక్కా జేబంతా నల్లగా అవుతోంది. మీ సొమ్ము మీకెందుకు, సారీ, నాకెందుకు, మీరే ఉంచుకోండి," అని వెళ్ళిపోయాడు.

తర్వాతి పెన్నుని ఒక ఇన్సూరెన్సు ఏజెంటు పట్టుకుపోయి, పట్టుకొచ్చాడు. "తిప్పితే తిరుగుతూనే ఉందండీ, ఎక్కడా ఆగదు." ఆ తర్వాతది ఒక బామ్మగారు తెచ్చింది. "నాయనా, దీని రీఫిల్ ఏ కొట్లోనూ లేదుట. నా కాళ్ళు అరిగాయి."

ఆఫీసులో రెండో కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి ఇదంతా చూసి నవ్వాపుకోలేకపోయింది. "దొంగలు కూడా తిప్పి పంపుతున్నారంటే మామూలు విషయం కాదు అన్నయ్యా."

గుమాస్తాకి తల కొట్టేసినట్టయింది. కానీ ఆ మాటే పట్టుకుని ఆలోచించాడు. కొనుక్కున్నవాడు మొహమాటానికి బాగుందంటాడు. చుట్టం అసలే నిజం చెప్పడు. దొంగకి ఏం మొహమాటం? అప్పట్నుంచి పెన్ను తిరిగిచ్చినవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. "ఎందుకు తీసుకెళ్ళారని అడగను. ఎందుకు తిరిగిచ్చారో చెప్పండి చాలు," అనేవాడు. కొందరు భయపడి లేచిపోయారు. మిగతావాళ్ళు మాత్రం చెమట చేతుల సంగతి, జారిపోయే క్లిప్పు సంగతి, అరిగిపోయే ప్లాస్టిక్ మరల సంగతి పూసగుచ్చినట్టు చెప్పారు.

ఈసారి పనిముట్ల కొట్లో ఆయన మెరుపు వైపు తల తిప్పలేదు. కిట్టు సంచి అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. మర విప్పి, మళ్ళీ బిగించి, లోపల ఇత్తడా ప్లాస్టిక్కా అని గోటితో గీకాడు. మామూలు రీఫిల్ జేబులోంచి తీసి పట్టించి చూశాడు.

"ఇవన్నీ ఎవరు నేర్పారు సార్?" అన్నాడు కొట్టాయన.

"దొంగలు."

కొట్టాయన నవ్వి, బల్ల కింద నుంచి ఆ పాత మసక రంగు కిట్టే తీశాడు. "బంగారు రంగువన్నీ పైన పటారం, లోన లొటారం. కొత్తవాళ్ళందరూ అవే పాడుచేసుకుని, ఆ తర్వాత దీని దగ్గరికొస్తారు."

"ఆ ముక్క మొదటే గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెబితే విన్నారా మీరు?"

కిట్టు దొరికింది, ఇక చెక్క కావాలి. టీచరుగారు పేపర్లు దిద్దే కుర్చీకి ఒక చెయ్యి ఊడి చాలాకాలమైంది. అతికించమని ఆవిడ అడిగినప్పుడల్లా ఆయన రేపంటున్నాడు. ఆవిడ మోచేతి రాపిడికి నున్నబడిన టేకు అది. గుండె రాయి చేసుకుని దాన్ని రంపం కిందికి పెట్టాడు. ఇప్పుడు పెన్నూ పాడైతే ఇంట్లో ఏ కిటికీలోంచి దూకాలో ఆయనే తేల్చుకోవాలి. మరని ఈసారి కొంచెం నొక్కి, రీఫిల్ పెట్టి చూసి, మళ్ళీ కొంచెం నొక్కాడు. మొన బుద్ధిగా బయటికొచ్చి, బుద్ధిగా లోపలికెళ్ళింది.

ఆ పెన్ను పరీక్షకి ఆఫీసులో కిటికీ దగ్గర పెట్టాడు. అదేరోజు ఆయన ఫైలు కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి బల్ల మీద తను ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడు ఉంది. పెన్ను లేదు.

"వదినగారు ఇచ్చి వెళ్ళారు, బడికి టైమైపోతోందిట," అంది రెండో కిటికీ అమ్మాయి.

గుమాస్తా మనసంతా పెన్ను మీదే ఉంది. ఆ పూట వరసలో నిలబడ్డవాళ్ళందరినీ గుర్తు తెచ్చుకున్నాడు. తర్వాత ఎవరు కిటికీ దగ్గరికొచ్చినా వాళ్ళ చేతుల వైపే చూశాడు. ఎవరూ తిరిగివ్వలేదు. మేస్త్రీ వచ్చాడు, ఉత్తచేతులతోనే. వారాలు గడిచాయి. గెలిచానని సంతోషం ఒకపక్క, కుర్చీ చెయ్యి ఎవడి జేబులోనో తిరుగుతోందన్న దిగులు ఇంకోపక్క ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఇంట్లో ఆవిడ విచిత్రంగా కుర్చీ చెయ్యి ఊసే ఎత్తడం మానేసింది.

పరీక్షలు అయ్యాయి. ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి ఆవిడ ఒంటిచెయ్యి కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుతోంది. వేళ్ళ మధ్య టేకు రంగు పెన్ను, మసక రంగు క్లిప్పు. అందులోంచి ఎర్ర సిరా వస్తోంది. తను వేసింది నీలం రీఫిల్. అంటే ఆవిడ కొట్టుకెళ్ళి, అడిగి, కొని మరీ మార్చుకుంది. గుమాస్తా చెప్పులు విప్పడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏంటలా చూస్తున్నారు?" అంది ఆవిడ తలెత్తకుండా.

"ఏం లేదు. ఆ పెన్ను..."

"మీ ఆఫీసులో దొరికింది."

"ఎలా ఉంది?"

ఆవిడ చేతిలోని పేపరు పూర్తిగా దిద్ది, మార్కులు వేసి, చుట్టూ సున్నా చుట్టింది.

"పరవాలేదు," అంది. తర్వాతి పేపరు అందుకుంటూ, మోచేతి కింద మిగిలిన ఆ ఒక్క కుర్చీ చెయ్యిని గట్టిగా పట్టుకుంది. "దీన్ని మాత్రం ముట్టుకోకండి."