పెంటమ్మ పిలిచిన ఊరు

గద్వాల నేతవాడలో పెంటమ్మను ఏడిపించాలంటే ఒకటే ఉపాయం. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నప్పుడు అరుగు దగ్గర ఆగి, "పెంటమ్మా, బుచ్చన్న పోయిన ఊరేది? రోయనా, రువానా?" అని అడిగితే చాలు. పోగు తెగినా సరే, రాట్నం ఆపేది. "రోయనా గాదు, నీ తలకాయ గాదు. ఇను," అని, పొయ్యి ఊదేటప్పటిలా పెదాలు ముందుకు చాపి, గొంతు అడుగు నుంచి పైకి తీసి, చివరను ముక్కులో వదిలేసేది. "ర్వాఁ." అంతే, ఒక్క పలుకు. అడిగినవాడు పగలబడి నవ్వుకుంటూ పోయేవాడు. ఆమె తెగిన పోగు అతుక్కుని మళ్ళీ రాట్నం తిప్పుకునేది.

ముప్పైల నాటి మాట ఇది. పెంటమ్మ తన జన్మలో పెబ్బేరు సంత దాటి పోలేదు. ఫ్రాన్సు ఏ దిక్కున ఉందో తెలియదు, ఆ దేశంలో ఇంకో ఊరి పేరు తెలియదు. అయినా ఆ ఒక్క పేరును మాత్రం ఆ దేశం వాళ్ళు ఎట్లా పలుకుతారో అట్లాగే పలికేది. ఎవరైనా వంకరగా పలికితే ఊరుకునేది కాదు. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. ఊరి పేరు సరిగ్గా పలకకపోతే మనిషి ఇంటికి రాడన్న సంగతి వాళ్ళకేం తెలుసు?

బుచ్చన్న ఆమె మొగుడు. నూలు చీరకు పట్టు అంచు కలిపితే అతుకు ఎక్కడుందో చేతికి తగిలేది కాదు, అంతటి పనిమంతుడు. అయితే ఏం లాభం? మొదటి జర్మనీ యుద్ధంలో పట్టు రాలేదు, రంగులు రాలేదు, వాడలో మగ్గాలన్నీ చప్పుడు మానేశాయి. అప్పటికి పెంటమ్మ కడుపుతో ఉంది. బుచ్చన్న, అతని దోస్తు వెంకట్రాములు కూలికోసమని తుంగభద్ర దాటి కర్నూలు పోయారు. అక్కడ దొరల మనుషులు సముద్రం అవతల, ఫ్రాన్సులో, యుద్ధం పనికి మందిని పోగేస్తున్నారు. ఇద్దరూ పేర్లిచ్చి, ఒక్కసారి ఇంటికొచ్చి చెప్పి పోయారు. "బిడ్డ నడిచేటాల్లకు వస్తనే," అన్నాడు బుచ్చన్న.

బిడ్డ నడిచింది. మాటలు కూడా నేర్చింది. అప్పుడు వెంకట్రాములు ఒక్కడే వచ్చాడు.

బుచ్చన్న తండ్రి అంజన్న అరుగు మీద కూలబడ్డాడు. పెంటమ్మ గడపలో నిలబడింది. వెంకట్రాములు తలెత్తకుండా చెప్పాడు. "అది పెద్ద ఊరు వదినె. నడుమంగ మన కిష్ణ లెక్క నది పారుతది. సలికి అన్నకు ఛాతిల జొరమొచ్చింది. దవాఖానల పండవెట్టిండ్రు. అయిపోయినంక మనోళ్ళమే కట్టెలు పేర్చి కాల్చినం. బూడిద ఆ నదిల కలిపినం."

"ఏం ఊరు?" అని అడిగింది పెంటమ్మ.

అతను చెప్పాడు. ఆమెకు అందలేదు. మళ్ళీ చెప్పాడు.

"రొట్టెలమ్మే ముసలామె నేర్పింది మాకు. తప్పు పలికితే నగుతుండె, మళ్ళ పలికిస్తుండె. అన్ననే నాకంటె ముందుగాల నేర్సుకున్నడు. అన్న ఆమెకు గద్వాల అని నేర్పవోతే ఆమెకు నోరే తిరగలే."

"ఆఖరుకు ఏమన్నడు?"

వెంకట్రాములు తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గద్వాల, గద్వాల అనుకుంటనే ఉండె వదినె. ఆ దవాఖాన నర్సుకు ఏమెర్క? నీళ్ళడుగుతుండనుకొని నీళ్ళు తాపింది. అప్పుడు నా దిక్కు చూసి, 'వీళ్ళకు మన ఊరు పేరే పలుకరాదు గదరా, నన్ను ఇంటికి ఎట్ల తోలిస్తరు?' అన్నడు."

తర్వాత ఎన్ని సంగతులు మరిచిపోయినా ఆ మాట మాత్రం పెంటమ్మ మరిచిపోలేదు.

అంజన్న ఇంట్లో తాతలనాటి ఆచారం ఒకటుంది. పెత్రమాస నాడు, అదే పెద్దల అమావాస్య నాడు, పోయినవాళ్ళ పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చాక, మిద్దె మీద విస్తళ్ళు పరిచి, ఇంటిపెద్ద చెంబు నీళ్ళు పట్టుకుని పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పిలవాలి. ఉత్త పేరుతో పిలిస్తే చాలదు, ప్రాణం పోయిన చోటు కూడా చెప్పాలి. 'రాజోలిల పోయిన తాతా, రా. ఘణపురం గుట్ట కింద పోయిన చిన్నాయినా, రా.' చోటు చెప్పకపోతే పిలిచింది తమను కాదనుకుని వాళ్ళు కదలరట. కాకి వచ్చి ముద్ద ముట్టిందంటే మనిషి వచ్చినట్టు.

ఆ ఏడు అంజన్న కొడుకును పిలిచాడు. "రువానుల పోయిన బుచ్చన్నా, రా," అన్నాడు. తాత విస్తరి కాకి ముట్టింది. చిన్నాయిన విస్తరి ముట్టింది. బుచ్చన్న విస్తరి అట్లాగే ఉంది. పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలిందేమోనని అంజన్న చేతులు జోడించాడు. "నీ పెండ్లాన్ని మంచిగ అరుసుకుంటం నాయినా. నీ బిడ్డకు లగ్గం జేస్తం." కాకి గోడ మీద కూర్చుని చూసింది, దిగలేదు. అలసంద గారెలంటే బుచ్చన్నకు ప్రాణం. అవి కూడా ఎండలో ఎండిపోయాయి.

"మామా, ఊరు పేరు గట్ల గాదే," అన్నాడు వెంకట్రాములు. "ఆడ గట్లంటే ఎవరూ ఎనకకు తిరిగి చూడరు."

అంజన్న మళ్ళీ పలకబోయాడు. ముసలి గొంతుకు పొలమారింది. దగ్గి దగ్గి, కళ్ళనీళ్ళతో కూర్చుండిపోయాడు. అప్పుడు పెంటమ్మ ముందుకొచ్చింది. "నేను పిలుస్త మామా. నాకు నేర్పమను." ఆడది పిలవడం ఆ ఇంట్లో లేదు. అంజన్న ముట్టని విస్తరి వైపు చూశాడు. "పిలువు బిడ్డా," అన్నాడు.

ఆ ఏడాదంతా రాట్నం ముందు ఆమెకు అదే పని. వెంకట్రాములు వచ్చి అరుగు మీద కూర్చుని, "గొంతుల నీళ్ళు పోసుకొని పుక్కిలించినట్ల రావాలె వదినె. ఆఖరుకు నోరు మూయొద్దు, ముక్కులకెల్లి పోనియ్యాలె," అని చెప్పేవాడు. ఆమె ఆ తిప్పలు పడుతుంటే పక్కింటామె కోరింత దగ్గనుకుని మిరియాల కషాయం కాచి తెచ్చింది. పిల్లలు వెనకాల చేరి అనుకరించేవారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు వాడలో పెద్దవాళ్ళు. పెంటమ్మ రాట్నం తిప్పుకుంటూ పలుకుతూనే పోయింది.

మరుసటి పెత్రమాసకు ఆమె చెంబు పట్టుకుని మిద్దె మీద నిలబడి, "ర్వాఁల పోయిన బుచ్చన్నా, ఇంటికి రా," అని పిలిచింది. నీళ్ళు పోయడం అయ్యీ కాకముందే కాకి దిగింది. గారె ఎత్తుకుని పోయింది. అంజన్న వలవల ఏడ్చాడు. వచ్చింది బుచ్చన్నా, ఆకలిగొన్న కాకా అని అడిగే తెలివిగలవాళ్ళు ఉంటారు. వాళ్ళకు జవాబు చెప్పే ఓపిక ఈ కథకు లేదు.

అప్పటి నుంచి ఇరవై ఏళ్ళు, ఒక్క ఏడు తప్పకుండా ఆమే పిలిచింది. అంజన్న పోయాడు. కలరా గత్తర వచ్చిన ఏడు వెంకట్రాములు పోయాడు. ఆ పేరు సరిగ్గా పలికే నోరు గద్వాలలో ఆమెది ఒక్కటే మిగిలింది. అది తెలిసి కూతురిని కూర్చోబెట్టుకుని నేర్పబోయింది. కూతురు విజయమ్మ నేర్వనంటే నేర్వనంది.

"నేను పుట్టకముందే పోయినాయనను నేనేమని పిలువాలె? ఆయన మొకం నాకు తెల్వదు, నా మొకం ఆయనకు తెల్వదు. నీ మొగడు, నువ్వు పిలుసుకో."

విజయమ్మది మొండితనం అనడానికి లేదు. తోటి పిల్లలు తండ్రి వేలు పట్టుకుని జాతరకు పోతుంటే గడపలో నిలబడి చూసిన పిల్ల. నాయిన అన్న మాట ఆ నోటికి ఎప్పుడూ అవసరం పడలేదు. "సరె తియ్, నేనున్నన్ని దినాలు నేనే పిలుస్త," అనేది పెంటమ్మ. ఇల్లరికం అల్లుడు వచ్చి మగ్గం ఎక్కాడు. ఇంట్లో మళ్ళీ చప్పుడు మొదలైంది.

నలభైలో రెండో జర్మనీ యుద్ధం ఫ్రాన్సు మీదికి వచ్చింది. దానియేలు పంతులు బడి వదిలాక అంగట్లో కూర్చుని పేపరు చదివి చెప్పేవాడు. పెంటమ్మ కండెలు ఇచ్చి వస్తూ రోజూ అక్కడ ఆగేది. "పంతులూ, మా ఊరి ముచ్చట ఏమన్న ఉన్నదా?" మా ఊరు అనేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. దానియేలు నవ్వేవాడు కాదు. ఒకనాడు అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"చెప్పు పంతులూ."

"జర్మనోళ్ళు వచ్చిండ్రంట పెద్దమ్మా. వంతెనలు కూలినయంట. నది ఒడ్డు పొంటి ఊరు కాలుతున్నదట."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆయన ఆ నదిలనే ఉన్నడు పంతులూ. ఒక్కసారి కాలిండు, సాలదా?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ నెలలోనే ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క చచ్చుబడింది. మూతి ఒక వైపుకు లాగేసింది. ఆకలి అన్నా, దాహం అన్నా ఒకటే శబ్దం, 'వా, వా' అని. విజయమ్మ జావ తాగించేది, మూతి తుడిచేది, ఒళ్ళు కడిగేది. తల్లి కళ్ళు మాత్రం తిండి అడగడం లేదు. పెత్రమాస దగ్గర పడుతోంది.

విజయమ్మకు ఆ కళ్ళు అర్థమయ్యాయి. ఒక పొద్దున మంచం పక్కన కూర్చుని, "చెప్పమ్మా, నేర్సుకుంట," అంది. పెంటమ్మ ఎడమచేత్తో కూతురి చెంప పట్టుకుంది. పెదాలు ముందుకు చాపబోయింది. అవి ముందుకు రాలేదు. గొంతులోంచి తీయబోయింది. చొంగ కారింది. "వా," అంది.

"వా," అంది విజయమ్మ.

తల్లి తల అడ్డంగా ఊపింది. "రువా," అంది కూతురు. కాదు. "రువాను?" కాదు. "రోయను?" వాడలో ఆకతాయిలు ఇరవై ఏళ్ళు ఏ తప్పులు పలికి ఆమెను ఉడికించారో, అవే తప్పులు ఇప్పుడు కన్నబిడ్డ నోట వస్తున్నాయి, ఒక్కటి కూడా ఆమె దిద్దలేకపోతోంది. పెంటమ్మ ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టుకుంది. విజయమ్మ ఆ చేయి పట్టుకుని భోరుమంది. "నా చెవుల ఉన్నదమ్మా. దినాం ఇన్న మాటనే గదా. చెవులకెల్లి నోట్లెకు వస్తలేదు. నువ్వు చెప్పిననాడు ఒక్కసారన్న పలుకకపోతి."

దానియేలు పంతులును పిలిపించింది. అతను వచ్చి, మంచం దగ్గర కూర్చుని, తనకు వచ్చినట్టు పలికాడు. పెంటమ్మ కళ్ళు మూసుకుంది. "మేం బడిల ఇంగ్లీషోళ్ళు అన్నట్ల నేర్సుకున్నం బిడ్డా. ఆ దేశపోళ్ళు ఎట్లంటరో నాకు నిజంగ తెల్వదు," అన్నాడు అతను. లేచేటప్పుడు పెంటమ్మ కాళ్ళకు మొక్కి పోయాడు.

పెత్రమాస నాడు అల్లుడు అత్తను చేతుల మీద ఎత్తుకుని మిద్దె మీదికి తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. విజయమ్మ తలస్నానం చేసి, గారెలు వండి, విస్తళ్ళు పరిచింది. తాతను పిలిచింది. వెంకట్రాములునూ పిలిచింది, అతనికి ఇంకెవరూ లేరు కాబట్టి. అందరి విస్తళ్ళూ కాకులు ముట్టాయి. చివరి విస్తరి ముందు నిలబడి ఆమె నోరు తెరిచింది. వచ్చినట్టే పిలిచింది. రెండుసార్లు పిలిచింది, మూడుసార్లు పిలిచింది. గోడ మీది కాకి మెడ తిప్పుకుంది.

అప్పుడు పెంటమ్మ పిలవబోయింది. మెడ నరాలు తేలాయి, ముఖం ఎర్రబడింది, ఉన్న సగం నోటితో ఆమె పడిన పాట్లు చూడలేక అల్లుడు మెట్లు దిగిపోయాడు. "వా... వా..." ఆ పిలుపు వాడంతా వినిపించింది. "సాలమ్మా, సాలు," అని విజయమ్మ తల్లిని గుండెకు అదుముకుంది. సాయంత్రానికి విస్తరి ఎండి మెలి తిరిగింది. ముద్ద తీసుకుపోయి ఆవుకు పెట్టారు. ఆ రాత్రి పెంటమ్మ ఏమీ తినలేదు. తర్వాత కూడా ఆమె పెద్దగా తిన్నది లేదు. చలికాలంలో, తెల్లవారుజామున, కూతురి చేతిలో ప్రాణం వదిలింది.

ఏడాది తిరిగింది. విజయమ్మ మళ్ళీ చెంబు పట్టుకుని మిద్దె ఎక్కింది. ఈసారి ఒక విస్తరి ఎక్కువ. తాతలను, వెంకట్రాములును పిలిచాక కొత్త విస్తరి ముందు నిలబడింది. "ఈ గద్వాలల, ఈ ఇంట్ల పోయిన అమ్మా, రా," అంది. ఈ ఊరి పేరు ఆమె నోటికి బాగానే వచ్చింది.

ఇక తండ్రి విస్తరి ఒక్కటే మిగిలింది. ఆమె పెదాలు చాపింది. ఆగింది. తర్వాత ఆ విస్తరిని జరిపి తల్లి విస్తరి పక్కన పెట్టి, రెండింటి ముందూ కూర్చుంది.

"అమ్మా, నువ్వు ఒక్కదానివే రాకు," అంది. "ముందుగాల ఆడికి పో. ఇప్పుడు నీ నోరు మంచిగైంటది. ఆ ఊరు పేరు నీకే వస్తది, నాకు రాదు. నాయినను నువ్వే పిలుసుకొని రా."

జీవితంలో మొదటిసారి 'నాయిన' అన్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకొంచెం ముందుకు వంగింది.

"వచ్చినంక నన్ను చూపియ్యి అమ్మా. ఈ చెంబు పట్టుకున్నది ఎవరో ఆయనకు తెల్వదు. నీ బిడ్డనే అని చెప్పు."