పక్క చేనుకు నీళ్లు

మా పెద్దనాన్నకు కోపమొస్తే నోట మాట వచ్చేది కాదు. భుజం మీది తువ్వాల తీసి, గట్టిగా రెండుసార్లు దులిపి, మళ్లీ వేసుకునేవాడు.

నారాయణఖేడ్ నుంచి కంగ్టికి పోయే దారిలో ఆయనకు చిన్న మిరప తోట ఉండేది. ఒక ఎండాకాలం గట్టు తగాదాలో పక్క చేను రైతు ఆయన బోరు పైపును గొడ్డలితో నరికేశాడు. నీళ్లందక సగం తోట ఎండిపోయింది. కేసు పెడదామని మేమంతా పట్టుబట్టాం. పెద్దనాన్న తువ్వాల దులిపి, వద్దని తల ఊపాడు.

మరుసటి ఏడు ఆ రైతు బోరే ఎండిపోయింది. అతను నోరు తెరిచి అడగలేదు. పెద్దనాన్నే పైపు మోసుకెళ్లి అతని టమాటా తోటలో వేశాడు.

"మోటర్ ఏసిన. జల్దీ నీళ్లు కట్టుకో, మళ్ల కరెంటు పోతది" అన్నాడు. ఆ రైతు తలెత్తకుండానే పార అందుకున్నాడు.

ఆ ఆదివారం మా చర్చిలో పాస్టర్, జరిగింది అందరి ముందు సాక్ష్యంగా చెప్పమంటే పెద్దనాన్న లేవలేదు. బయటికొచ్చాక నేనే అడిగాను.

"పెద్దనాయినా, ఆ పక్క చేనాయన మీద కోపం పోయినట్టేనా?"

"యాడ పోయింది? వాణ్ని సూస్తె ఇంకా కడుపు మండుతది. గని రోజూ వాని కోసం ప్రార్థన చేస్తున్న గదరా. ప్రార్థన చేసుకుంట, వాని తోట ఎండుతుంటె సూస్కుంట కూసోవాల్నా?"