బావ పడవకి మా కొట్టు తాడు

చోడవరంలో మా హార్డ్‌వేర్ కొట్టుకి తాడు కోసం వచ్చినవాళ్ళు ముందు దాన్ని కాలికింద తొక్కిపెట్టి రెండు చేతులతో లాగి చూస్తారు. కాస్త సాగిందంటే తలాడిస్తారు. చెరుకు లోడు గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చేరేలోపు గతుకులకి కుదురుకుని కిందికి దిగుతుంది. సాగదీసి కట్టిన నైలాన్ తాడు అంతకంత వెనక్కి ముడుచుకుని పట్టు వదలదు. సాగే తాడే మంచి తాడని నాన్న నమ్మాడు, నేనూ నమ్మాను. పైగా నాకో చెడ్డ గుణం ఉంది. తాడు గురించి నాకెవరైనా చెప్పబోతే ఒళ్ళు మండుతుంది.

మా అక్క మొగుడిది విశాఖలో ఫ్యాక్టరీ ఉద్యోగం. తోటివాళ్ళిద్దరితో కలిసి ఆయన ఒక పాత సెయిలింగ్ యాట్ కొన్నాడు. ఇంజను మీద కాకుండా తెరచాప మీద నడిచే చిన్న పడవ. దాని మీద పాతబడిన సామానంతా మార్చాలని ఒక రోజు సంచీ పట్టుకుని కొట్టుకొచ్చాడు. తాళ్ళు తగిలించే తుప్పుపట్టిన ఇనుప షాకిళ్ళు, రంగు వెలిసిన తాళ్ళు, అరచేతిలో ఇమిడే కప్పీలు బల్ల మీద గుమ్మరించాడు. ఒక కప్పీని నోటితో ఊదితే గిర్రున తిరిగింది. లోపల సన్నని గోళీలున్నాయట. నూతి కప్పీల కీచుమనే మోత తప్ప ఎరగని నేను బేరాలు వదిలేసి దాన్ని ఊదుతూ కూర్చున్నాను.

"మీ అక్క ఆదివారం పడవెక్కుతానంది. తనకి భయమేస్తే నా వాటా అమ్మేయాలట. సరేనన్నాను," అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు గానీ చెయ్యి మాత్రం ఆ తుప్పు షాకిల్‌ని నిమురుతోంది. ఆ పడవంటే ఆయనకి ఎంత ప్రాణమో అప్పుడే అర్థమైంది.

షాకిళ్ళ విషయంలో నేను వాదించలేదు. సముద్రపు గాలికి మామూలు ఇనుము నిలవదు, స్టెయిన్‌లెస్ స్టీలే వేయాలన్నాడు, ఒప్పుకున్నాను. తాడు దగ్గరకొచ్చేసరికి మాత్రం పేచీ మొదలైంది.

"ఇది తెరచాప పైకెత్తే తాడు. ఎత్తి కట్టేక అది అక్కడే ఉండాల. సాగకూడదు."

"సాగని తాడు పుటుక్కున తెగుతాది బావా. ఫ్యాక్టరీ సంగతి నువ్వు సూసుకో, తాడు సంగతి నాకొదిలెయ్."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కప్పీ గాడిలో సరిగ్గా కూర్చునే లావు చూసి మరీ నైలాన్ తాడు కోశాను. నాన్న పెట్టిన పద్ధతి ప్రకారం కొసలు దీపం మీద కరిగించి, ఎర్రదారం చుట్టి ఇచ్చాను. బావ దాన్ని సంచీలో వేసుకున్నాడు. బావమరిదితో గొడవెందుకనుకుని ఉంటాడు.

ఆదివారం నేనూ వెళ్ళాను. తాడు పడవ స్తంభం చివరున్న కప్పీ మీదుగా కిందికి దిగి, స్తంభం మొదట్లో తాడు చుట్టి కట్టే కొక్కానికి, క్లీటుకి, బిగిసింది. తెరచాప ఇస్త్రీ చేసిన పంచెలా నిలబడింది. నా ఛాతీ ఉబ్బింది. గట్టి గాలి తగిలేసరికి చాప జానెడు కిందికి జారి ముడతలు పడింది. బావ మళ్ళీ బిగించాడు. మళ్ళీ జారింది. చాప వదులైనకొద్దీ పడవ ఒక పక్కకి ఒరిగిపోతోంది, చుక్కాని మాట వినడం లేదు. అక్క అంచు పట్టుకుని కూర్చుంది. నేను తాడు వంక చూశాను. తడిసి, సన్నబడి, చెరుకు లారీ మీద ఎలా సాగుతుందో అలాగే సాగుతోంది.

ఒడ్డుకొచ్చాక అక్క బావని అడిగింది: "ఏటయింది?"

"గాలి ఎక్కువైందే," అన్నాడు బావ. నా వైపు చూడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"అయితే అమ్మేయండి," అంది అక్క.

మర్నాడు కొట్టు దూలానికి నాలుగు రకాల తాళ్ళు కట్టి, ఒక్కోదానికి ఇరవై కిలోల రాయి వేలాడదీశాను. ఒక్కో రాయి ఉన్న ఎత్తున గోడ మీద సుద్దముక్కతో గీతలు గీశాను. కె.కోటపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటి బాబూ, తాళ్ళకే ఉరేస్తన్నావేటి?"

మధ్యాహ్నానికి నైలాన్ గీత దాటి దిగింది. నీళ్ళు పోస్తే ఇంకా దిగింది. పక్కనున్న పాలిస్టర్ తాడు మాత్రం గీత దగ్గరే ఉంది. షామియానాలవాళ్ళు తప్ప ఎవరూ అడగరని దాన్ని ఇన్నేళ్ళూ మూల పడేశాను. సిగ్గుపడాల్సింది పోయి, గోడ ముందు కూర్చుని సాయంత్రం దాకా గీతలు కొలుస్తూనే ఉన్నాను. ఇంత తెలియనిది నా కొట్లోనే ఉందా అని ఒకటే ఆశ్చర్యం.

అక్కని బతిమాలి ఇంకొక్క ఆదివారం అడిగాను. పాలిస్టర్ తాడు తీసుకెళ్ళి, బావా నేనూ కలిసి ఎక్కించాం. అక్క పడవెక్కబోతుంటే ఇక ఆగలేకపోయాను.

"అక్కా, ఆ రోజు తాడు నాది. బావ వద్దన్నా నేనే అంటగట్టేను. పడవ తప్పేటీ లేదు."

"తెలుసు," అంది అక్క. "కొసకి ఎర్రదారం సూసేను. ఆ దారాలు సిన్నప్పుడు సుట్టింది నేను కాదేటిరా? మీ ఇద్దర్లో ఎవరు నోరిప్పుతారా అని సూస్తన్నాను. సముద్రమంటే నాకు భయం లేదు. నడి సముద్రంలో తాడు జారిపోతంటే గాలని సెప్పే మొగుడూ, పక్కన నోరు మూసుకున్న తమ్ముడూ, అదీ నా భయం."

బావ తల దించుకున్నాడు.

అక్క హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్రదారం ఉండ తీసింది. ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంది. తెరచాప ఎత్తించి, చెయ్యి అందినంత ఎత్తున, స్తంభం మీది ఒక గీతకి సరిగ్గా ఎదురుగా తాడుకి నాలుగు చుట్లు గట్టిగా చుట్టి ముడేసింది.

"ఈ దారం ఇక్కణ్ణించి కదిల్తే ముందు నాకు సెప్పాల. ఇద్దరూ," అని అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది.

ఆ పూటంతా ముగ్గురం సముద్రాన్ని కాదు, దారాన్నే చూశాం. తిరిగి ఒడ్డు చేరేదాకా అది కదల్లేదు. పడవలో బావ వాటా ఇప్పటికీ అలాగే ఉంది, ఆదివారాలు అక్కే ముందు ఎక్కుతుంది.